మంటంటని కాగితం

ఆ డబ్బా మీద బొమ్మ వేసినవాళ్ళని ముందు నిలదీయాలి. పచ్చటి మైదానం, నీలం ఆకాశం, పైకి దూసుకుపోతున్న చిన్న రాకెట్టు, కింద నడుం మీద చెయ్యేసుకున్న తండ్రి, పక్కన గెంతుతున్న పిల్ల. తల్లి ఎక్కడ చచ్చిందయ్యా? ఆ అట్టగొట్టానికి జిగురు పూసిందెవరు? చెక్కరెక్కల్ని ఉప్పుకాగితంతో రుద్దిందెవరు? రుద్దగా రాలిన పొడి ఊడ్చిందెవరు? బొమ్మ వేసిన మీకు తెలీదా? అమ్మిన మీకు తెలీదా? ఆ బొమ్మ చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చిన మొగుడుగారూ, మీకూ తెలీదా? తెలుసు. తెలిసే వదిలేశారు.

కొనుక్కొచ్చినాయన డబ్బాని భోజనాల బల్ల మీద పెట్టి, "పిచ్చుకా, మనిద్దరం కలిసి కట్టేద్దాం" అన్నాడు. పిచ్చుక అంటే కూతురు. నోరు మూయదు, ఒకచోట కూర్చోదు, అందుకని ఆ పేరు. వాళ్ళ స్కూల్లో రాకెట్ క్లబ్బు పెడుతున్నారు. చేరాలనుకున్న పిల్లలు ఆదివారం గ్రౌండులో తాము ఇంట్లో కట్టుకున్న రాకెట్టు ఎగరేసి చూపించాలి. అది పైకెళ్ళి, లోపలున్న పారాచూట్ గొడుగు విచ్చుకుని, మెల్లగా నేలకి దిగితే క్లబ్బులో చోటు. లేకపోతే లేదు. పిచ్చుక నోట కొన్నాళ్ళుగా ఇదే పాట. నిద్రలో కూడా అంకెలు వెనక్కి లెక్కపెడుతోంది.

నాన్న కలిసి కట్టింది ఎంతసేపంటే, డబ్బా చింపి, లోపలి కాగితంలో మొదటి పేజీ పైకి చదివి, ఫోను మోగేదాకా. ఆయనది సేల్స్ ఉద్యోగం. మాటే సరుకు. ఫోను పట్టుకుని అవతలి గదిలోకి వెళ్ళినాయన ఆ తర్వాత ఒకసారి వచ్చి, "అది కాస్త వంకరగా ఉన్నట్టుంది చూడు" అని వేలు చూపించి వెళ్ళిపోయాడు. పాపం ఆ వేలిది కూడా శ్రమే, కాదనకూడదు.

కాబట్టి కట్టింది తల్లీకూతుళ్ళు. ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర, వెనక గదిలో, కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. మైనం, ప్లాస్టరు, రోజంతా అరగదీత. ఇంటికొస్తే వంటిల్లు. అంటే పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆమె చేతులు చేసేదంతా ఎవరో ఒకరి నోట్లోకి వెళ్ళిపోయేదే. ఎవరి నోట్లోకీ వెళ్ళని వస్తువు ఒకటి చేసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. మొదటి రెక్కని తల్లకిందులుగా అతికించారు. చూసుకుని ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఊడబెరికి మళ్ళీ అతికించారు. జిగురు ఆరేదాకా పిచ్చుక రెక్కని వేళ్ళతో పట్టుకుని, ఊపిరి కూడా తియ్యకుండా కూర్చుంది. ఆ పిల్ల అంతసేపు కదలకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. చూడటానికి తల్లి తప్ప ఎవరూ లేరు కూడా.

టీవీ చూస్తున్న అత్తగారు సోఫాలోంచి అంది: "రాకెట్టుని ఆకాశంలోకి తర్వాత పంపుదువు గాని తల్లీ, ముందు భోజనం బల్ల మీదకి పంపు."

అందరూ నవ్వారు. ఆమే నవ్వింది. రాకెట్టుని ఫ్రిజ్జు మీద పెట్టి, బల్ల తుడిచి, వడ్డించింది. అందరూ తిని లేచాక మళ్ళీ బల్ల తుడిచి, రాకెట్టుని కిందికి దించింది.

చివరికి మిగిలింది గొడుగు సర్దడం. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మందు కూరిన మోటారు మండి రాకెట్టుని పైకి తోసేశాక, ఆఖర్న గొట్టం లోపలికి ఒక్కసారి నిప్పు ఊదుతుంది. ఆ ఊపుకే రాకెట్టు ముక్కు ఊడి, మడత పెట్టిన గొడుగు బయటికొస్తుంది. గొడుగేమో పల్చటి ప్లాస్టిక్కు. నిప్పు దాన్ని తాకకుండా దాని కింద, మంట అంటుకోని కాగితాన్ని వదులుగా ఉండలు చుట్టి పెట్టాలి. డబ్బాలోనే ఇచ్చారు, తెల్లగా, మెత్తగా, చూడ్డానికి బాత్రూంలో వాడే కాగితంలా ఉంటుంది.

"అయితే ఇది గొడుక్కి పరుపన్నమాట" అంది పిచ్చుక. ఒక్కో ఉండనీ తన వేళ్ళతోనే లోపలికి పెట్టింది.

ఆదివారం గ్రౌండుకి రాకెట్టుని ఆయన పట్టుకొచ్చాడు. నీళ్ళు, టోపీలు, అత్తగారి మడత కుర్చీ, తినేవాటి సంచి ఆమె పట్టుకొచ్చింది. ఆయన తోటి తండ్రులతో అంటున్నాడు: "రెక్కల దగ్గరే ఉందండీ అంతా. ఒక్క పిసరు వంకరపోతే అయిపోయినట్టే. కూర్చుని ఓపిగ్గా చెయ్యాలి." ఆమె వింది. పెద్దగా ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం కూడా అలవాటే.

క్లబ్బు చూసేది డ్రిల్లు మాస్టారు. పిల్లతోపాటు పెద్దవాళ్ళలో ఒక్కరు మాత్రమే తాడు దాటి లోపలికి రావాలన్నాడు. ఎవరు వెళ్ళాలని ఆ ఇంట్లో చర్చేమీ జరగలేదు. ఆయన వెళ్ళాడు. సంచీ ఆమె చేతిలో ఉంది మరి.

పిచ్చుక అంకెలు వెనక్కి లెక్కపెట్టి మీట నొక్కింది. బుస్సుమని పొగ, ఒక గీత, రాకెట్టు లేదు. తలలన్నీ పైకి లేచాయి. ఆమె కూడా తల ఎత్తి చూసింది. అంత ఎత్తున ఉన్నది తన చేతిపని. "శభాష్" అని ఎవరో ఆయన భుజం తట్టారు. ఆయన వినయంగా తల ఊపాడు.

పైన టప్‌మని చిన్న శబ్దం. ముక్కు ఊడింది. గొడుగు విచ్చుకోలేదు. ఏదో ఒక ముద్ద వేలాడుతూ కనిపించింది. తర్వాత గొట్టం నిట్టనిలువుగా కిందికి రావడం మొదలుపెట్టింది.

అందరూ పరిగెత్తారు. ఆయన పక్కకి దూకాడు. పిచ్చుక తల పైకెత్తి పరిగెత్తుతూ తూలి పడింది. పడ్డ పిల్ల కాలికి జానెడు దూరంలో రాకెట్టు నేలలోకి దిగబడింది.

ఆమె సంచీ వదిలేసి తాడు కింద నుంచి దూరి పరిగెత్తింది. ఆమె కంటే ముందు మాస్టారు చేరుకున్నాడు. పాలిపోయిన మొహంతో, "ఎవరు కట్టారిది?" అన్నాడు.

"నేను కాదండీ. మా ఆవిడ" అన్నాడు ఆయన. "నేను చెప్తూనే ఉన్నా, వంకరగా ఉందని."

పిల్ల ఇంకా నేల మీదే ఉంది.

ఆమె కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. రాకెట్టు పడ్డప్పుడు కూడా ఆగని కాళ్ళు. తల్లో ఒక్కసారి చప్పుడంతా పోయింది. మనుషుల నోళ్ళు కదులుతున్నాయి, మాటలు వినపడటం లేదు. ఎలాగో నాలుగడుగులు వేసి, పిల్లని ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రెండు మోకాళ్ళూ చీరుకుపోయాయి. అప్పుడు ఆమె నోటినుంచి ఒక మాట వచ్చింది. "సారీ అండీ" అంది, మాస్టారు వైపు చూసి. ఎవరు పంపారు ఆ మాటని? ఆమె పంపలేదు. తనకంటే ముందు తన నోరు వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చేసింది. ఆయన మాటకి అలా నిలబడిపోవడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆయన అదేమీ ఆలోచించి అనలేదు. అదే ఆమెని కొయ్యబార్చేసింది. అబద్ధమాడేవాడు కాస్తయినా తడుముకుంటాడు. ఈయన తడుముకోలేదు. పిల్ల పడి ఉండగా, కళ్ళెదురుగా, ఊపిరి తీసినంత సులువుగా వచ్చేసింది. కూర కుదిరితే "మా అమ్మ నేర్పింది", ఉప్పెక్కితే "ఏం చేశావిది". పిల్లకి మార్కులొస్తే "మా వంశం", దగ్గొస్తే "నీ పెంపకం". పళ్ళసెట్టు సరిగ్గా కూర్చుంటే డాక్టరుగారి హస్తవాసి, చిగుళ్ళకి గుచ్చుకుంటే "లోపల ఎవరు చేశారిది, పిలవండి ఆవిణ్ణి". ఇన్నేళ్ళలో ఆమె చేసినవాటికి ఆమె పేరు పెట్టిన రోజులన్నీ ఏదో ఒకటి పాడైన రోజులే. కళ్ళముందే జరుగుతుంటే ఎలా చూడకుండా ఉండిపోయింది? ఆకాశంలోంచి ఊడిపడితే గానీ కనపడలేదా?

"ఆడవాళ్ళు నిప్పుతో పెట్టుకుంటే ఇంతే" అంటోంది అత్తగారు తాడు అవతల, పక్కావిడతో. "వద్దంటే వినదు."

మాస్టారు చెమట తుడుచుకుని, కాస్త నెమ్మదించి అన్నాడు: "చూడమ్మా, పిల్లల ప్రాణాలతో పని. గొడుగు సర్దడం కూడా రాకుండా తీసుకొస్తే ఎలా? ఈ పాపని క్లబ్బులో చేర్చుకోలేను. ఏమీ అనుకోకండి."

పిచ్చుక తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె చెయ్యి చాచి రాకెట్టుని పెరికింది. తిప్పి చూసింది. దారానికి వేలాడుతున్న గొడుగు కరిగి చింతపిక్కంత ముద్దయింది. కింద కాగితం ఉంటే అలా కరగదు. గొట్టంలో తెల్ల ఉండల జాడే లేదు. వేలు పెట్టి చూసింది. మసి అంటింది, అంతే.

"కాగితం ఉండలు ఏవే?"

పిచ్చుక కొంగు తీసి, తల్లి చెవిలో చెప్పింది. "నాన్న తీసేశారమ్మా. మన వంతు కోసం లైన్లో నించున్నప్పుడు, ముక్కు తీసి చూసి. ఇదేంటి, మీ అమ్మ బాత్రూం కాగితం కుక్కింది, ఎవరన్నా చూస్తే పరువు పోతుంది అన్నారు. నేను వద్దన్నా." తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "నువ్వు చెప్పకమ్మా. నాన్నకి కోపమొస్తుంది. నేనే సరిగ్గా పెట్టలేదని చెప్తాలే" అంది.

అప్పుడు నిజంగా దిమ్మతిరిగింది ఆమెకి. పిల్లకి ఎవరూ నేర్పలేదు ఈ మాట. నేర్పకుండానే వచ్చేసింది. నోరు మూయని పిచ్చుక, మోకాళ్ళనుంచి రక్తం కారుతూ, ఎవరి తప్పునో తన నెత్తిన వేసుకోడానికి సిద్ధంగా కూర్చుంది. ఇది తన దగ్గర చూసే నేర్చుకుంది. ఇంకెక్కడ చూస్తుంది?

ఆమె లేచింది. పిల్లని చంకనేసుకుంది. ఎంత బరువెక్కిందో.

ఆయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, నవ్వుమొహం పెట్టుకునే అన్నాడు: "పద పద. అందరూ చూస్తున్నారు. ఏమన్నా ఉంటే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో కాదు" అంది ఆమె. అరవలేదు. కానీ మాస్టారికి వినపడింది, తాడు అవతల అత్తగారికీ వినపడింది. "మీరిక్కడ నా పేరు చెప్పారు, మిగతాది కూడా ఇక్కడే చెప్పాలి. ముందు దీని మొహం చూసి అడగండి, దెబ్బ తగిలిందా తల్లీ అని. ఇంతవరకూ అడగలేదు మీరు. అడిగాక మాస్టారి వైపు తిరిగి, అందులోంచి తీసిందేంటో, ఎందుకు తీశారో, మీ నోటితో మీరు చెప్పండి. ఈ పిల్ల వినేలా చెప్పండి. అది అయ్యేదాకా నేను ఇంటికి రాను, దీన్నీ రానివ్వను. ఊఁ, అడగండి."