చిన్న మెదడులో చోటు

భూలక్ష్మి ఆఖరి ఆరు నెలలు బతికింది మొగుడి కోసం కాదు, మరిది యాదయ్య కోసం. ఈ విషయంలో ఆ మొగుడు కురుమూర్తికి అనుమానం లేదు.

గద్వాలలో వాళ్ల ఇంటి మగ్గం ఒక్కరితో నడిచేది కాదు. ఒకరు నడుమ కూర్చుని చీర నేస్తారు. ఇంకొకరు పక్కన కూర్చుని, అంచుకు పట్టు పోగు తీసుకెళ్లే నాడెను నేసేవాళ్ల చేతికి అందిస్తారు. పెళ్లయిన కొత్తలో భూలక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని నేర్పింది కురుమూర్తే. తర్వాత నడుము పట్టేసి మగ్గం దిగాడు, చీరల దుకాణంలో పనికి కుదిరాడు. ఆ చోట తమ్ముడు యాదయ్య కూర్చున్నాడు.

నిరుడు ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. చేతులు కోలుకున్నాయి, మాట రాలేదు. కురుమూర్తి ఎదురుపడితే, ఎవరో పరాయి మగాడు వచ్చినట్టు కొంగు సర్దుకుని పక్కకు తిరిగేది.

ఒక పొద్దున యాదయ్య ఒక్కడే మగ్గం మీద తంటాలు పడుతున్నాడు. ఆమె లేచి వెళ్లి తన చోట కూర్చుంది, నాడె అందుకుంది. ఒక్క పోగు తప్పలేదు. కురుమూర్తి గుమ్మంలో నిలబడి చూశాడు.

పాలమూరులో డాక్టరమ్మ తన తల చూపించి చెప్పింది. పేర్లు, మొహాలు, మాటలు పెద్ద మెదడు చూసుకుంటుంది, దెబ్బ తగిలింది దానికే. మెడ పైన, వెనకాల చిన్న మెదడు ఉంటుంది. చేసి చేసి చేతికి అలవాటైన పనిని అది నడిపిస్తుంది. అది చెడలేదు. కురుమూర్తికి అర్థమైంది ఒకటే. పెద్దదాంట్లోంచి తను పోయాడు, చిన్నదాంట్లో తమ్ముడు మిగిలాడు.

మర్నాడు మగ్గం దగ్గరికి పోయాడు.

"లే. నేను కూసుంట."

"నడుము నొస్తదన్నా."

"నా పెండ్లాం పక్కన కూసునుడు నాకు చాతకాదారా?"

ఆమె నాడె పంపింది. అతని చెయ్యి ఆలస్యమైంది, నాడె కింద పడింది. మళ్లీ పంపింది, మళ్లీ పడింది. ఆ తర్వాత ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తల ఎత్తకుండా ఎదురుచూసింది. ఎవరి కోసమో అతనికి తెలుసు. దిగిపోయాడు. యాదయ్య కూర్చోగానే నాడె చప్పుడు వంటింటిదాకా వినబడింది. ఆనాటి నుంచి దుకాణానికి సెలవున్నా కురుమూర్తి పగలు ఇంట్లో ఉండలేదు.

ఆమె పోయాక, దినాల నాడు యాదయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక్క మాట ఇనన్నా. మొదట్ల వదినె చెయ్యి నాకు కుదర్లే. నీ ఊపుకు అలవాటైన చెయ్యి అది. నీ తీరుగ అందుకునుడు నేర్వనీకె నాకు ఏండ్లు పట్టింది. ఆమె చేతిల ఉన్నది నువ్వే."

"మరి నా కాడ నాడె ఎందుకు పడ్డది?"

"నీ చెయ్యే మరిచిందన్నా."

అది జాలిపడి అల్లిన అబద్ధమైనా కావాలి, నిజమైనా కావాలి. ఏదైనా, ఆ మాట అన్నందుకు తమ్ముణ్ణి కురుమూర్తి క్షమించేది లేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇగ ఆమె ముచ్చట నా ముందట తియ్యకు. నేను బతికున్నన్ని దినాలు నా నోటెంబడి గూడ రాదు."