బావ చెప్పిన సత్యభామ కథ

లిఫ్టులు బాగుచేసే మా బావకు చిన్నప్పటి నుంచీ నత్తి. చుట్టాలింట్లో మంచినీళ్లు కావాలన్నా ఆయన తరఫున అక్కే అడిగేది. అలాంటి మనిషి ఈసారి దీపావళికి, మా కాలనీ హాల్లో దీపాలు వెలిగించే ముందు పండగ కథ తనే చెబుతానని పేరిచ్చి వచ్చాడు.

"కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకండీ?" అంది అక్క.

"పా... పాప బళ్లో నోరు విప్పడం లేదు," అన్నాడు.

వాళ్ల ఏడేళ్ల పాపకూ నత్తి వచ్చింది. పిల్లలు వెక్కిరించారని బళ్లో మాట్లాడటమే మానేసింది.

నెల్లాళ్లు లిఫ్టుల్లో బోల్టులు బిగిస్తూనే బావ కథ వల్లించాడు. తీరా పండగ సాయంత్రం మైకు ముందు నిలబడితే, మొదటి మాటకే నత్తి అడ్డుపడింది.

"న... న... న..."

"నరకాసురుడు!" ముందు వరుసలోంచి ఎవరో అందించారు. నవ్వులు. అక్క లేవబోతే బావ చేత్తో వారించాడు.

"నే... నేనే అంటాను. కాస్త ఆగండి."

అన్నాడు కూడా. నరకుడు వేలమందిని చెరపట్టడం, యుద్ధంలో కృష్ణుడు సొమ్మసిల్లడం, ఒక్కో మాటతో పెనుగులాడి చెప్పాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. నవ్వులు ఎప్పుడు ఆగాయో మేం గమనించనే లేదు. ఊపిరి కోసం ఆగాడు.

అక్క ఒళ్లోంచి పాప లేచి నిలబడింది.

"అ... అప్పుడు స... సత్యభామ ఏం చేసింది నాన్నా?" అని అందరి ముందూ గట్టిగా అడిగింది.

బావ కళ్లు తుడుచుకున్నాడు.

"వి... విల్లు అందుకుందమ్మా. తనే వాణ్ణి చంపింది. అందుకే ఈ దీపాలు."

అక్క అగ్గిపుల్ల గీసింది.