ఆఖరి స్టాపు అవతల

సముద్రం హోరు చెవుల్లో పడుతూనే ఉంది. ఆ దిక్కుమాలిన సందుల్లో ఎటు తిరిగినా సముద్రం మాత్రం కనిపించడం లేదు. రిటైరైన బస్సు డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇటే కదా అన్నారు?" వెనకనుంచి భార్య అడిగింది.

"ఇటే. ఈ గోడ కొత్తగా కట్టినట్టున్నారు."

గోడ నిండా నాచు పట్టి ఉంది. ఆవిడ దానివైపు ఓసారి చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడానికే ఆయనకు ఒళ్లు మండింది.

అసలు సంగతేమిటంటే, ఉద్యోగమంతా ఈ ఊరికే బస్సు తోలిన పెద్దమనిషి ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. ఆఖరి స్టాపు సరుగుడు తోటకు ఇవతల. కొట్లో టీ తాగి, టైర్లు తట్టి చూసి, బండి తిప్పుకునేసరికి టైమైపోయేది. కొత్త కాపురంలో, మొదటి ట్రిప్పు ముగించుకుని ఇంటికొచ్చిన రోజు, ఆవిడ అన్నం వడ్డిస్తూ కళ్లింతలు చేసుకుని "సముద్రం చూశారా?" అంది. లేదనడానికి నోరు రాక చూశానన్నాడు. ఒక అబద్ధాన్ని కప్పడానికి వంద ఆడాలంటారు. ఈయన వంద దగ్గరా ఆగలేదు. బియ్యప్పిండిలాంటి తెల్లటి ఇసుకన్నాడు, తాటిచెట్టంత అలలన్నాడు. ఆవిడ ఆ కబుర్లే చెప్పి పిల్లలకు గోరుముద్దలు తినిపించింది. ఇన్నాళ్లకు "నాకూ చూపించండి" అని పట్టుబట్టింది. దారి అడిగితే ఆవిడ ముందు పరువు పోతుంది. అడక్కపోతే ఈ గోడలు.

తర్వాతి సందులో చేపలు ఆరబెడుతున్న ముసలమ్మ ఆయన్ని ఇట్టే పోల్చుకుంది.

"నువ్వు గడియారం డ్రైవరువి కదూ! ఒక్క నిమిషం ఆగని మహానుభావుడివి. బుట్ట నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి మరీ పోయావు. ఆ పూట చేపలన్నీ కుళ్లిపోయాయి, తెలుసా?"

"టైం ప్రకారం నడపాలి కదమ్మా."

"నడిపావులే. ఇటెక్కడికి, సముద్రానికా? ఇటు ఐసు షెడ్డు తప్ప ఏముంది? ఇన్నేళ్లు వచ్చిపోయావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు, తెలుసు. మా ఆవిడకి ఊరు చూపిస్తున్నాను."

"బాగానే చూపిస్తున్నావు! మీ బస్సు ఆగే టీ కొట్టు వెనక్కి పో."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పొద్దున దిగింది అక్కడే. మళ్లీ ఊరంతా దాటుకుని, మోకాలు పీకుతున్నా పళ్లబిగువున నడిచాడు. పొద్దు వాలే వేళకి కొట్టు వెనక సరుగుడు తోటలోకి ఇలా దూరి అలా బయటపడ్డారు. ఎదురుగా సముద్రం.

ఇసుక మాడిన పెనంలా నల్లగా ఉంది. అలలు మోకాలెత్తు కూడా లేవు.

"అప్పట్లో తెల్లగానే ఉండేది," అన్నాడు. "మొన్నటి తుఫానుకి..."

"ఇక చాల్లెండి. మీ ఖాకీ బట్టలు ఉతికింది నేను. జేబులు దులిపింది నేను. దుమ్ము రాలేది, గ్రీజు మరక ఎంత రుద్దినా పోయేది కాదు. ఇసుక రేణువు ఒక్కటీ రాలలేదు."

ఆయన ఆవిడవైపు తిరిగాడు. "మరి ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే చెప్పడం మానేస్తారుగా. రోజంతా జనం మీద అరిచొచ్చి, ఇంట్లో మీరు నోరు విప్పేది ఆ ఒక్క కబురుకే."

సిగ్గుతో చచ్చిపోయాడు. అంతకు మించి తన మీద తనకే కోపం వచ్చింది. ఇంత దగ్గరా! ఏదో ఒక రోజు టీ మానేసి ఉంటే సరిపోయేది.

అంతలో తోట అవతల హారన్ మోగింది. ఆఖరి బస్సు. ఆయన కాళ్లు అలవాటుగా వెనక్కి తిరిగాయి.

"రా, రా! ఆ డ్రైవరు కుర్రాడు ఒక్క నిమిషం ఆగడు. వాడికి పని నేర్పింది నేనే."

ఆవిడ ఇసుకలో చతికిలబడింది. "పోనివ్వండి. రాత్రికి ఆ ముసలమ్మ అరుగు మీద తలదాచుకుందాం. మీకు పెట్టాల్సిన చివాట్లు ఇంకా మిగిలే ఉన్నట్టున్నాయి."

హారన్ మళ్లీ మోగింది. తర్వాత ఇంజిన్ చప్పుడు దూరమైపోయింది. ఆయన బూట్లు విప్పి ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"ఊ, చెప్పండి," అంది ఆవిడ నీళ్లవైపు చూస్తూ. "సముద్రం ఎలా ఉంది?"

ఆయన నోరు తెరిచాడు. ఒక్క మాటా రాలేదు.