మెన్సూర్ కుడిపాదం

ట్రామ్ నడిపిన రోజుల నుంచీ మెన్సూర్‌ది పొద్దున్నే లేచే అలవాటు. యుద్ధంలో ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఉద్యోగంతోపాటు కుడిపాదం కూడా పోయింది. సరయేవో నగరంలో కాలు పోయిన ప్రతివాడికీ చెప్పుకోవడానికి ఓ వీరగాథ ఉంది. మెన్సూర్ మాత్రం శత్రువులు ఊరిని ముట్టడించిన రోజుల్లో, ఆకలికి తాళలేక, అపార్ట్‌మెంట్ వెనక గడ్డిలో గుప్పెడు ఆకుకూర కోయబోయి మందుపాతర తొక్కాడు. కూర కూడా దక్కలేదని ఆయనే చెప్పి నవ్వేవాడు.

ఆ పాదం మాత్రం పేట వదల్లేదు. తెల్లారేసరికి ఎక్కడో ఒకచోట దాని అడుగులు కనిపించేవి.

"నీ పాదం మళ్లీ నా గుమ్మం తొక్కింది. ఇప్పుడే తుడిచాను. కాస్త బుద్ధి చెప్పుకోవయ్యా," అంది కింది వాటాలో ఉండే ఫిక్రెతా.

"నా మాట వినేదైతే నా కాలికే ఉండేదిగా, అక్కా."

ఆ గడ్డినేలనే పిల్లల ఆటస్థలం చేయాలని ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మందుపాతరలు ఏరేవాళ్లు వచ్చి, ఇక భయం లేదని వెళ్లిపోయారు. ఆఫీసువాళ్లు మధ్యలో ఉయ్యాల పాతించారు. ఉత్సాహం ఆపుకోలేక మెన్సూర్ చుట్టూ పచ్చగా గడ్డి మొలిపించాడు. ఒక్క పిల్లా రాలేదు. తారు మీదే నడవాలి, గడ్డి మీద కాలు పెట్టకూడదు. ఆ ఊళ్లో పాలతోపాటు పట్టిన పాఠం అది. పిల్లలంతా తారు అంచున వరసగా నిలబడి ఉయ్యాలను చూసి వెళ్లిపోయేవాళ్లు. గడ్డి విత్తనాలు కూడా తారు మీంచే విసిరానని మెన్సూర్ ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం మనవరాలు నేర్మా ఆయన చెయ్యి పట్టి లాగింది. "తాతా, నీ పాదం ఉయ్యాల దగ్గరికెళ్లింది."

మంచు పట్టిన గడ్డి మీద ఒంటిపాదం అడుగులు, చిన్నపిల్ల అంగలంత దగ్గరదగ్గరగా. నేర్మా చెయ్యి వదిలించుకుని వాటిలో పాదాలు పెడుతూ బయల్దేరింది. పుట్టి అయిదేళ్లకు మొదటిసారి గడ్డి తొక్కుతోంది. మెన్సూర్ తారు అంచుదాకా వెళ్లి ఆగాడు.

అప్పుడు చూశాడు. అడుగులు సగం దూరం తిన్నగా వెళ్లి, ఒకచోట పక్కకు తిరిగి, చుట్టు తిరిగొచ్చి మళ్లీ దారిలో పడ్డాయి. ఇరవయ్యేళ్లు పట్టాల మీద బతికిన పాదం. ఊరికే దారి తప్పేది కాదు.

"నేర్మా, ఆ అడుగుల్లోనే నడు తల్లీ. బయట వేలు కూడా పెట్టకు."

"ఇక్కడ వంకర పోయింది తాతా."

"నువ్వూ వంకరే పో."

ఎదురు మేడ మీంచి ఎండ దిగుతోంది, మంచు ఆరుతోంది. నేర్మా ఉయ్యాల దాకా వెళ్లింది కానీ ఎక్కలేదు. ఆయన బతిమాలితే వెనక్కి తిరిగి అవే అడుగుల్లో వచ్చేసింది. చివరి అడుగు ఆ పిల్ల వెనకే ఆరిపోయింది.

మధ్యాహ్నం మందుపాతరలు ఏరేవాళ్లు మళ్లీ వచ్చి, మెన్సూర్ చూపించిన ఆ వంకర లోపలి నేల తవ్వి, సాసరంత ఇనుప మందుపాతర బయటికి తీశారు. నేలంతా మళ్లీ వెతికారు. ఇంకేమీ లేదు.

మర్నాడు గడ్డి మీద ఏ అడుగూ లేదు. ఫిక్రెతా గుమ్మం శుభ్రంగా ఉంది. అయినా ఆమె దాన్ని రెండుసార్లు తుడిచింది. మెన్సూర్ కాలికి లేకపోయినా ఏళ్ల తరబడి దురద పెట్టిన ఆ వేళ్లు ఇక దురద పెట్టలేదు.

మెన్సూర్ తారు అంచున కూర్చుని ఎడమకాలి బూటు విప్పాడు. మేజోడూ తీశాడు. చాలాసేపు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఉయ్యాల మీంచి నేర్మా పిలుస్తోంది.

ఆయన గడ్డిలో కాలు పెట్టాడు. చల్లగా ఉంది.