పండని సన్నతీగలు

బాలనర్సమ్మ పొద్దున్నే వాకిలి ఊడవడం మొదలుపెడితే మధ్యలో రెండుసార్లు కూలబడుతుంది. ఛాతీలో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు ఉంటుంది. డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో ఆమెను చూసి జాలిపడే రోజులు ఎప్పుడో పోయాయి. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయి, రంగుమందు ఎక్కించి గుండెకు ఫోటో తీయించారు మరి. నరాలన్నీ సాఫ్‌గా ఉన్నాయని గ్యాస్ గోలీలిచ్చి పంపారు.

ఆ సాఫ్ అన్న మాటే ఆమె కొంప ముంచింది. "నీకేందక్కా, సాఫ్ గుండెనాయె" అని బోరింగ్ దగ్గర నవ్వేవాళ్లు. ఆమె భర్త వీరస్వామి రైలుపట్టాలు చూసే గ్యాంగ్‌మన్. మొదట్లో పరేషాన్ అయ్యాడు గానీ, తర్వాత "మళ్ల గ్యాసేనా?" అని అటు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాడు. చెడ్డవాడేం కాదు, విసిగిపోయాడు. ఆమె అంతకన్నా విసిగిపోయింది. నొప్పిని భరించొచ్చు గానీ, ఉందని రోజూ నమ్మించడం ఎవరివల్ల అవుతుంది? చెప్పడమే మానేసింది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడు. బడులు లేవు, బస్సులు లేవు. బతుకమ్మ మాత్రం ఆగదు కదా, పక్కింటి మున్నవర్ బేగం ఆమెకు మెహందీ పెట్టింది. మున్నవర్ బేగం మెహందీ అరచేతిలో ఆగదు. తెల్లారేసరికి మణికట్టు దాటి, మనిషి లోపల ఏముంటే అది గీసుకుంటూ పాకుతుంది. అందుకే ఊళ్లో టైలర్లు జాకెట్టుకు చేతులు కత్తిరించేముందు, మెహందీ ఎవరు పెడుతున్నారని అడుగుతారు.

బాలనర్సమ్మకు మోచేతిదాకా పాకింది. లావుపాటి కాడలు ఎర్రగా పండాయి. వాటినుంచి చీలిన సన్నతీగలు మాత్రం వంకరలు తిరిగి బూడిదరంగులో ఎండిపోయాయి.

గోరింట పండకపోతే నింద ఎవరిమీద పడుతుందో తెలిసిందే.

"వీరన్నా, గిదేంది? అక్క మీద సగం మనసే ఉన్నదా?" అంది ఎదురింటి కమల.

"నా చెయ్యి తప్పు చెప్పదు బిడ్డా" అని మున్నవర్ బేగం ఇంకా ఇరికించింది.

వీరస్వామి ఇంట్లోకొచ్చి, "నీ చేతితోని నా ఇజ్జత్ తీస్తున్నవు" అన్నాడు. ఆమె చేతిమీదికి కొంగు కప్పుకుంది.

మర్నాడు స్టేషన్ రోడ్డు మీద వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుని తినడం. ఆ రోజు రైళ్లు కూడా ఆపేశారు. ముందురోజు రైల్లో వచ్చి ఊళ్లోనే చిక్కుకుపోయిన మానుకోట సర్కారు దవాఖాన డాక్టరమ్మ తస్లీమా కూడా వచ్చి బంతిలో కూర్చుంది. పనిదొంగ అనిపించుకోవడం ఇష్టంలేక బాలనర్సమ్మ పప్పు వడ్డిస్తోంది. డాక్టరమ్మ విస్తరి దగ్గర గరిటె వంచగానే కొంగు జారింది. డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎవరు పెట్టిన్రు?"

"మున్నవర్ బేగం."

"అయితే నమ్మాల్సిందే. ఛాతీల నొస్తదా అక్కా?"

"లేదమ్మా. ఫోటో తీసిన్రు. అంత సాఫే."

"ఫోటోల పెద్ద నరాలే కనబడ్తయి. గీ సన్నవి కనబడయి. గివి బిగుసుకపోయి గుండెకు రక్తం అందనిస్తలేవు. గిట్లనే ఇడిసిపెడితే పాణం మీదికొస్తది. మందులున్నయి, నడువు."

బాలనర్సమ్మ గరిటె కింద పెట్టేసి, అందరిముందూ ఏడ్చింది. "నొస్తదమ్మా. మస్తు నొస్తది."

బస్సుల్లేవు, రోడ్డునిండా పొయ్యిలు. పొయ్యి దగ్గరున్న వీరస్వామి లేచి పోయి, పట్టాలు చూడడానికి వాడే తోపుడు ట్రాలీ తెచ్చి నిలబెట్టాడు. ఆమెను, డాక్టరమ్మను ఎక్కించి, ఇద్దరు గ్యాంగ్ వాళ్లను తోడు పిలుచుకుని మానుకోట వైపు తోయడం మొదలుపెట్టాడు. ఎండ మండుతోంది. ఖాళీ పట్టాలు తప్ప కనుచూపు మేరలో ఏమీ లేదు.

గార్ల దాటాక బాలనర్సమ్మ మెల్లగా, "నొస్తాంది" అంది.

వీరస్వామి ట్రాలీ ఆపాడు. రొప్పుతూ ముందుకొచ్చి, ఆమె ఎదుట పట్టాల మధ్య మోకాళ్లమీద కూర్చున్నాడు.

"ఏడ?" అని అడిగాడు.