కాపలా కూర్చున్న టీచరు

ఆగిరిపల్లి దాటాక మట్టిరోడ్డు పక్కన స్కూటీ ఆపి, లేయా హెల్మెట్ తీయకుండా కాసేపు అలాగే నిలబడింది. ఒకరి గడప తొక్కాలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భయం. కాని ఆమె క్లాసు పిల్ల ప్రియాంక బడి మానేసి వారమైంది. ఈ మధ్యాహ్నం పదో తరగతి ప్రీఫైనల్, లెక్కలు. ఇది కూడా తప్పితే ఆ పిల్ల ఇక తోటలోనే ఉండిపోతుంది.

లేయా పాఠాలు చెప్పే కాన్వెంటు బడి పెట్టిన మదర్ సుసన్నా ఎప్పుడో పోయారు. ఆడపిల్లకు చదువేమిటని ఊళ్ళు నవ్విన రోజుల్లో ఆమె ఒక పద్ధతి పెట్టారు. పిల్ల రాకపోతే టీచరే వెళ్ళాలి. వాదించకూడదు. పిల్ల చేస్తున్న పని తాను అందుకోవాలి. టీచర్లు ఇప్పటికీ దాన్ని వదల్లేదు. కొత్తగా చేరిన లేయాకు ఇదే మొదటిసారి.

ప్రియాంక మామిడిచెట్ల కింద రేకుడబ్బా వాయిస్తూ కోతుల్ని తోలుతోంది. తండ్రి నరసింహులు మందు కొట్టే ట్యాంకు నింపుకుంటున్నాడు.

“వాళ్ళమ్మ కాలు విరిగి మంచంలో ఉందండీ. నేనా ఈ పనిలో ఉన్నా. పిందెలన్నీ కోతులపాలైతే ఏం తినాలి?”

దారి పొడవునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ లేయా నోట రాలేదు. మదర్ ఆ పద్ధతి పెట్టింది మాటకారుల కోసం కాదని అప్పుడు తోచింది. బహుశా మదర్ కూడా ఇలాగే భయపడి ఉంటారు.

లేయా ప్రియాంక వైపు చేయి చాపింది. “డబ్బా ఇటివ్వు. వెళ్ళి పరీక్ష రాసిరా.”

నరసింహులు నవ్వాడు. “కోతులు మీకు భయపడతాయా అండీ?”

“పిల్లలే భయపడరు. చూద్దాం.”

“ఎండకి మాడిపోతారు. ఊరికే ఎందుకు, వెళ్ళండి టీచరుగారూ.”

లేయా వెళ్ళలేదు. ప్రియాంక చేతిలోని డబ్బా అందుకుని వాయించడం మొదలుపెట్టింది. పెద్ద కోతి ఒకటి కిందికి దిగి పళ్ళు చూపించింది. ఆమె ఉలిక్కిపడి, డబ్బాను మరింత గట్టిగా బాదింది. అది ఒక్క కొమ్మ వెనక్కి తగ్గింది.

నరసింహులు ట్యాంకు కింద పెట్టాడు. “మా అమ్మ చదువు కోసం మదర్‌గారొచ్చి మేకలు కాశారంట. అమ్మ చెబితే కోతలు కోస్తోంది అనుకునేవాణ్ణండీ.” కూతురి వైపు తిరిగాడు. “ఏంటలా చూస్తావ్? బ్యాగేది?”

“రేపు సైన్సుంది నాన్నా.”

“మరి రేపెవరు కూర్చుంటారు?”

“సరోజ టీచర్,” అంది లేయా. “ఎల్లుండి నేను. మీ ఆవిడ లేచేదాకా వంతులేసుకుంటాం.”

ప్రియాంక సైకిలు మలుపు తిరిగేలోపే కోతి మళ్ళీ దిగింది. ఈసారి లేయా దానికి ఎదురు నడిచింది.