వంకర పోని ఎర్రచార

సాంబయ్య కుడిభుజం మాట వినడం మానేసి తొమ్మిదేళ్లయింది. ఒకసారి గూట్లోంచి జారింది, అప్పటి నుంచి దాని ఇష్టారాజ్యం. చొక్కా తొడుక్కుంటుంటే జారుతుంది. బస్సులో పైకడ్డీ పట్టుకుంటే జారుతుంది. నిద్రలో చెయ్యి తలకింద పెట్టుకున్నా జారుతుంది. పెద్ద దవాఖానలో డాక్టరు ఫొటోలు తీయించి, కీలును పట్టి ఉంచేవన్నీ వదులైపోయాయని, ఆపరేషన్ చేస్తే ఆరు నెలలు మగ్గం ఎక్కకూడదని చెప్పాడు. ఆరు నెలలు మగ్గం ఎక్కకుండా బతికే నేతగాణ్ణి ఆ డాక్టరు ఎక్కడ చూశాడో మరి. మగ్గం గుంజకు రబ్బరు పట్టీ కట్టుకుని పొద్దునా సాయంత్రం లాగడమే సాంబయ్యకు మిగిలిన వైద్యం. లాగీ లాగీ ప్రాణం విసిగింది.

ఇంత జరిగినా మానలేనిది ఈత ఒక్కటే. చిన్నప్పుడు నర్సంపేట దగ్గర మేనమామ పొలంలో, వ్యవసాయ బావిలో నేర్చిన ఈత. ఇప్పుడు యాభై రెండేళ్ల వయసులో రోజూ పొద్దున ఆరింటికి సైకిలు తొక్కుకుంటూ హనుమకొండలో స్విమ్మింగ్ పూల్‌కు పోతాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషికి తెల్లారింది మొదలు నడుము వంచి కూర్చోవడమే పని. నీళ్లలో ఆ అరగంట నడుము, మెడ, మనసు అన్నీ ఒకేసారి సాగుతాయి. అది కూడా పోతే ఇక తనకంటూ ఏం మిగులుతుందని అతని భయం.

భార్య సమ్మమ్మకు ఈత మీద కోపమేమీ లేదు. పోయినేడు భుజం నీళ్లలోనే జారి, తోటి ఈతగాడు ఓంప్రకాశ్ ఆటోలో తెచ్చి దింపినప్పుడు మాత్రం ఊరుకోలేదు.

"మల్ల ఒక్కసారి నీళ్లల్ల జారిందంటే ఈత బందు. నా మీద ఒట్టెయ్యి" అంది. వేశాడు.

మొన్న సోమవారం జారింది. చెయ్యి పైకెత్తి ముందుకు వేయబోతే లోపల టక్కుమంది. గట్టు పట్టుకుని, పళ్లు బిగించి, తనే లోపలికి తోసుకున్నాడు. తొమ్మిదేళ్ల అనుభవం మరి! పిల్లలు కాళ్లాడించడం నేర్చుకునే తేలికపాటి పలకను ఓంప్రకాశ్ తెచ్చి ముందు పెట్టాడు.

"అన్నా, ఇగ చెయ్యి లేపకు. ఇది పట్టుకొని కాళ్లు కొట్టు, సాలు."

"బాయిల దునికినోన్ని, నాకు పలక ఇస్తానవా?" అని సాంబయ్య మొహం తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి నోరు మెదపలేదు.

కానీ మగ్గం దగ్గర దాచడం ఎట్లా? వెడల్పు జంపఖానాకు ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి. పేక దారం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోతుంది. ఆ తర్వాత ఎవరి సగాన్ని వాళ్లు ఇనుప పళ్ల పంజాతో కొట్టి బిగించాలి. ఒకరి దెబ్బ వదులైతే ఆ పక్క నేత పైకి లేస్తుంది, చార వంకర పోతుంది. ఆ వంకర ఎవరిదో తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు. పంజా ఎత్తలేక సాంబయ్య ఊరికే ఆనించి తీస్తున్నాడు. సాయంత్రానికి తన పక్క ఎర్రచార కొంచెం పైకి లేచినట్టే కనిపించేది. చిత్రంగా, పొద్దున పూల్ నుంచి వచ్చి చూస్తే తిన్నగా ఉండేది. దీపం వెలుతురుకు కళ్లు మోసం చేశాయనుకున్నాడు. చేతిలో ఇంకా పస ఉందని లోలోపల మురిసిపోయాడు కూడా. మనిషి తనకు కావలసింది నమ్మడానికి ఎంత తొందరపడతాడు!

గురువారం పూల్‌లో నీళ్లు మారుస్తున్నారు, గేటు మూసి ఉంది. ఆరున్నరకే ఇంటిముఖం పట్టాడు. సందు మొదట్లోనే పంజా చప్పుడు వినిపించింది. లోపలికి తొంగి చూస్తే సమ్మమ్మ తన చోట కాదు, అతని చోట కూర్చుని ఉంది. నిన్న అతను నేసిన సగాన్ని మళ్లీ వరుసగా కొట్టి బిగిస్తోంది. మధ్యమధ్య ఆగి మణికట్టు నొక్కుకుంటోంది. చాయ్ పక్కన చల్లారిపోయింది.

సాంబయ్య సైకిలు గోడకు ఆనించాడు. తను నీళ్లలో ఒళ్లు సాగదీసుకునే అరగంటలో ఇక్కడ ఈమె తన పని చేస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎప్పటి సంది?" అన్నాడు లోపలికి వస్తూ.

"సోమారం సంది. పక్కన కూసునేదాన్ని, నీ దెబ్బ నాకు ఎరుక గాదా?"

"మరి అడగకపోతివి."

"నువ్వే చెప్తవని సూసిన." సమ్మమ్మ పంజా కింద పెట్టింది. "జారితే జారింది, అది నీ చేతుల ఉన్నదా? మూడు దినాలు నా పక్కన కూసోని చెప్పకుంటివి సూడు, గది కష్టమనిపించింది."

"ఇగ ఈత బందు పెడ్త."

"బందు పెట్టి ఏం జేస్తవయ్యా? ఒక్క దినం పోకుంటేనే నీ మొకం సూడలేక సస్త. పో, నీ ఒట్టు తీసి గట్టు మీద పెడ్తాన. గని చెయ్యి లేపకు."

శుక్రవారం సాంబయ్య తనే పలక అడిగాడు. ఓంప్రకాశ్ నవ్వకుండా తెచ్చిచ్చాడు. రెండు చేతులా దాన్ని పట్టుకుని, చిన్నపిల్లలు నేర్చుకునే వైపు, కాళ్లు కొడుతూ పోయాడు, వచ్చాడు. పది నిమిషాలకే విసుగొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి రెండుసార్లు లేవబోయింది. పలకను గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సమ్మమ్మ మగ్గం దగ్గర తన చోటనే కూర్చుని ఉంది.

"జారిందా?" అంది.

తొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్నకు అతని దగ్గర 'లేదు' అనే ఒక్క జవాబే ఉండేది.

"జారలే. చెయ్యే లేపలే" అన్నాడు పక్కన కూర్చుంటూ. "గని పంజా పట్టుకుంటే నొస్తాంది, సమ్మమ్మా. మస్తు నొస్తాంది. నీ తోటి అందుకోలేకపోతాన."

ఆమె పేక దారం అతని చేతికి అందించింది. అతను పంజా ఎక్కువ ఎత్తకుండా, దగ్గర నుంచే చిన్నచిన్న దెబ్బలు వేయడం మొదలుపెట్టాడు. ఆమె సగం ఎప్పుడో అయిపోయింది. తర్వాతి దారం లాగబోయిన చెయ్యి ఆగిపోయింది. పంజా ఒళ్లో పెట్టుకుంది.

"మెల్లగ కొట్టు" అంది. "నేను ఆగుత."